ప్రత్యేక విద్య - నిన్నటి చరిత్ర, రేపటి ఉపాధ్యాయులు

రామగుండము బొగ్గు ప్రాంతమున సెంటినరీ కాలనీ యొక కార్మిక నివాసము. సింగరేణి సంస్థవారి రామగుండం-3 ఏరియాకు ఇది ముఖ్యస్థానము. 2010వ సంవత్సరమున జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు మంథని పేర ఇంజనీరింగు కళాశాలను ఇచటనే నెలకొల్పిరి. యంత్రములను నడుపు శాస్త్రము ఈ విధముగా గని కార్మికుని వాకిటికి వచ్చినది. కాని మాట ఆలస్యమైన బిడ్డకు మాట నేర్పుటకు, చేయి తిరుగని బిడ్డకు అన్నము కలుపుకొనుట నేర్పుటకు కూడ ఒక శాస్త్రము కలదు. దానికి పెట్టినపేరైన జాతీయ సంస్థ సికింద్రాబాదున ఉన్నది. నడుమ దూరము 200 కిలోమీటర్లకు పైమాటే. ఆ విద్య ఎట్లు పుట్టి, ఎట్లు మన రాజధాని వరకు వచ్చినదో నేడు కొంత ముచ్చటింతుము.

బొగ్గుబాయి ప్రాంతమున ఈ ప్రసంగమునకు ప్రత్యేకమైన అవసరము కలదు. తండ్రి అనారోగ్యముచే పని మానవలసివచ్చినచో ఆ ఉద్యోగము బిడ్డకు లభించునను ఆశ ఇచటి కుటుంబములకు పెద్ద అండ. అయితే గనిపనికి వైద్యపరీక్షలో తగినవాడని తేలవలెను. బుద్ధివికాసము మందగించిన బిడ్డ గల యింట ఆ అండ నిలువదు. “మా తరువాత వీని గతి యేమి?” అని తల్లి అడుగు ప్రశ్నకు జాలి సమాధానము కాదు, విద్యయే సమాధానము. ఆ విద్యకు ముందు, దానిని నేర్పగల గురువు కావలెను.

ఇట్టి గురువులలో ఆద్యుడు ఈటార్ అను ఫ్రెంచి వైద్యుడు. 1800వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు అడవులలో తిరుగుచుండిన ఒక బాలుడు పట్టుబడెను. వానికి మాట లేదు, మనుష్య సహవాసము తెలియదు. వీడు బాగుపడడని పలువురు పండితులు తీర్పు చెప్పినను, ఈటార్ కొన్ని సంవత్సరములు ఓపికతో వానికి విద్య గరపెను. బాలునికి మాట పూర్తిగా రాలేదు. కాని నేర్పు మార్గము లోకమునకు దొరకినది. ఆయన శిష్యుడు సెగాన్ ఆ మార్గమును పద్ధతిగా మలచి, అమెరికాకు వెళ్లి అచట వ్యాపింపజేసెను.

మన పట్టణములలో వీధికొక మాంటిసోరి బడి కనబడును. ఆ పేరు గల ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి మొదట ఈటార్, సెగానుల గ్రంథములు చదివి, వికలాంగులైన పిల్లలకే చదువు చెప్పినదని ఎందరికి తెలియును? అచట ఫలించిన పద్ధతినే 1907లో రోమునగరపు పేదవాడలోని తక్కిన పిల్లలకు అన్వయించెను. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. కాబట్టి వికలాంగ శిశువునకై చేసిన కృషి వానితో ఆగిపోలేదు, శిశువులందరికి లాభించినది.

మన దేశమున 1964-66 నాటి కొఠారి విద్యాసంఘము, ఈ పిల్లల చదువు కేవలము దయాధర్మము కాదనియు, దేశమునకు ఉపయోగకరమైన పని యనియు స్పష్టపరచినది. 1974లో వీరిని సాధారణ పాఠశాలలలోనే చదివించు కేంద్రప్రభుత్వ పథకము మొదలైనది. హైదరాబాదున ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోను, సికింద్రాబాదున స్వీకార్ సంస్థ 1977లోను వెలసినవి. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగరమున జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడెను. తరువాతి కాలమున దాని పేరు మారి, “వికలాంగులు” అను మాటకు బదులు “సాధికారత” అను మాట చేరినది. పేరు మారుటలో కాలము మారిన జాడ కలదు.

అయినను 1992 వరకు ఈ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపు లేదు. ఆ సంవత్సరమున పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టమును చేసెను. నాటినుండి పాఠ్యక్రమములను మండలి నిర్ణయించుచున్నది. ఉత్తీర్ణులు దాని పట్టికలో పేరు నమోదు చేసికొనవలెను. నమోదు లేక వృత్తి సాగించుట శిక్షార్హము. పట్టభద్రులు ముందుగా ప్రత్యేక విద్యలో బి.ఎడ్., పిదప ఎం.ఎడ్. చదువవచ్చును. దృష్టిలోపము, వినికిడిలోపము, మేధోవైకల్యము మున్నగు శాఖలలో ఒకదానిని ఎన్నుకొనవలెను.

ఈ చదువు పుస్తకములతో ముగియదు. విద్యార్థి ఒక్కొక్క బిడ్డను పరిశీలించి, వానికి వచ్చినదేమో రానిదేమో వ్రాసికొని, ఆ బిడ్డకు మాత్రమే చెందిన పాఠప్రణాళికను తయారుచేయవలెను. పళ్లు తోముకొనుట, గుండీ పెట్టుకొనుట, చిల్లర లెక్కించుట - ఇవియే పాఠములు. ఇచట స్వస్థలము నెరిగిన ఉపాధ్యాయురాలి విలువ తెలియును. ఇంటిలో గనిని “బాయి” యనియు, చద్దిని “సద్ది” యనియు వినుచు పెరిగిన బిడ్డకు గ్రంథములోని మాటలు పరాయివగును. “నాయిన బాయికి పోయిండు” అనునది వానికి చక్కని తొలి వాక్యము. ఈ సంగతి కాలనీలో పుట్టిన పడతికి ఎవరును బోధింపనక్కరలేదు.

ఇక చట్టముల తోడ్పాటు. 1995లోను, 2016లోను వచ్చిన వికలాంగుల హక్కుల చట్టములు, 2009 నాటి విద్యాహక్కు చట్టము బిడ్డను బడిలో చేర్చుకొనుట విధిగా చేసినవి. బడిలో చేరిన బిడ్డకు గురువేడి? ఈ ప్రశ్నకు 2021లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ప్రత్యేక ఉపాధ్యాయులకు శాశ్వత ఉద్యోగములు కల్పింపవలెనని ఆదేశించినది. 2022లో కేంద్రప్రభుత్వము ప్రాథమిక దశలో ఇట్టి పిల్లలు పదిమందికి ఒకరు, ప్రాథమికోన్నత దశలో పదునైదుగురికి ఒకరు చొప్పున నిష్పత్తిని ప్రకటించినది. 2025 మార్చిలో పోస్టులను ప్రకటింపవలసినదిగా న్యాయస్థానము రాష్ట్రములను మరల హెచ్చరింపవలసి వచ్చినది. మరల చెప్పవలసి వచ్చినదన్న మాటయే పని ఎంత మిగిలినదో తెలుపును.

ఇల్లు విడువలేనివారికి ఒక వెసులుబాటు కలదు. 1982లో స్థాపితమై, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యలో ప్రత్యేక బి.ఎడ్.ను ప్రవేశపెట్టినది. అయినను బిడ్డతో కూర్చుండి చేయు సాధన తపాలాలో రాదు. దానికి మాత్రము స్వయముగా హాజరు కావలసినదే.

ఈటార్ నాటినుండి రెండు శతాబ్దములు గడచినవి. చట్టము వచ్చినది, పట్టము వచ్చినది, సంస్థయు వచ్చినది. పట్టము పొందిన వారు తిరిగి బాయి దగ్గరకు, తమ కాలనీ బడికి రావలెను. వారు వచ్చుసరికి అచట ఉద్యోగము సిద్ధముగా నుండవలెను. ఈ రెండును కూడిననాడు ఆ తల్లి ప్రశ్నకు సమాధానము దొరకును.