బాధ నడచు బాట

జటప్రోలు సంస్థానమునకు కొల్లాపూరు రాజధానిగా నుండి, నిజాము రాజ్యమున చేరియున్న కాలములో శస్త్రచికిత్స చరిత్రయందు హైదరాబాదు పేరు ప్రపంచమంతట వినబడెను. రోగికి నొప్పి తెలియకుండ చేయుటకు క్లోరోఫారము వాడుకలో నుండెను గాని, అది కొందరి ప్రాణములను తీయుచుండెను. కారణము తేల్చుటకై రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ 1888లో ఒక పరిశోధన సంఘమును నడపెను. దాని తీర్పును లండనులోని ‘లాన్సెట్’ పత్రిక అంగీకరింపలేదు. అంతట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ధనమొసగగా 1889లో రెండవ సంఘము ఏర్పడెను. ఆ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ హైదరాబాదునకు వచ్చెను. గుండెకంటె ముందు ఊపిరియే ఆగును గనుక శ్వాసను కనిపెట్టవలెనని సంఘము తీర్మానించెను. 1911లో గుడ్‌మన్ లెవీ క్లోరోఫారము గుండెను సైతము హఠాత్తుగా ఆపగలదని పిల్లులపై నిరూపించెను. కావున ఆ తీర్పు సగమే సత్యము. శ్వాసను కనిపెట్టుమన్న హెచ్చరిక మాత్రము నేటికిని శిరోధార్యము.

క్లోరోఫారము స్పృహను మాపును. అయితే బాధ ఏ బాటను నడచి మెదడును చేరును? 1931లో ఆయిలర్, గాడమ్ అను శాస్త్రజ్ఞులు గుఱ్ఱపు మెదడునుండియు, ప్రేగులనుండియు ఒక పదార్థమును తీసి దానికి ‘పి’ అని పేరిడిరి. అది బాధను తెలుపు నరములలో వార్తాహరుడై యుండునని 1953లో లెంబెక్ ఊహించెను. అది పదునొకండు ఆమినో ఆమ్లముల గొలుసని 1971లో సూసన్ లీమన్ బృందము తేల్చెను. ఇట్టి చిన్న గొలుసులే న్యూరోపెప్టైడులు.

మిరపకాయలు దంచిన చేతులు మండుట మన ఇండ్లలో అందరెరిగినదే. ఆ కారము చర్మములోని బాధానరముల కొనలను మేల్కొలుపును. ఆ నరముల రెండవ కొన వెన్నుపాములో నున్నది. అచట వార్తను వెనువెంటనే అందించునది ముఖ్యముగా గ్లుటమేటు. బాధ తీవ్రమైనపుడు ‘పి’ పదార్థమును వెలువడి, వార్తనందుకొను కణమును చాలసేపు ఉద్రేకపఱచును. కావుననే కొన్ని దెబ్బలు తగిలిన పిమ్మటను సలుపుచుండును. ఈ వార్తను తగ్గించు పెప్టైడులును శరీరములో కలవు. అట్టి ఎన్‌కెఫలినులను 1975లో హ్యూస్, కోస్టర్లిట్జ్ కనుగొనిరి.

‘పి’ పదార్థము పనిని అడ్డగించు మందులు మనుష్యుల నొప్పిని ఆశించినంత తగ్గింపలేదు. ఒక ద్వారము మూసినను బాధకు వేఱు త్రోవలు కలవు. గాయము మానిన పిదప సైతము ఆ త్రోవలు మేల్కొనియే యుండవచ్చును. కావున పైకి గాయము కానరాదని ఒకరి నొప్పిని అబద్ధమనుట న్యాయము కాదు.