ఆకలి కేంద్రం కోసం వెతుకులాట

బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ రోడ్డు పట్టుకుంటే ముందు కోని వస్తుంది, గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం అక్కడే. ఇంకాస్త ముందుకెళ్తే సేంద్రీ, అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల. నవరాత్రుల్లో ఈ దారిన మహామాయ గుడికి నడిచిపోయేవాళ్లలో ఉపవాసం మీద ఉన్నవాళ్లు చాలామందే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు కార్తీక సోమవారాలున్నాయి, అట్లతద్ది ఉంది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు తీజ రోజున మంచినీళ్లయినా ముట్టరు. ఇలాంటి ఊళ్లో ఒక ఆడపిల్ల కంచం ముందు నుంచి లేచిపోతే ఇంట్లో మొదట దేవుణ్ణో, పైత్యాన్నో తలచుకుంటారు. మెదడు ఊసు ఎవరికీ రాదు. వైద్యులకు మాత్రం ఎప్పుడు వచ్చింది కనుక!

1689లో ఇంగ్లండులో రిచర్డ్ మోర్టన్ ఎముకల గూడులా మిగిలిన ఒక అమ్మాయి గురించి రాశాడు. క్షయ లేదు, జ్వరం లేదు, తిండి మాత్రం వద్దు. 1873లో పారిస్‌లో లాసేగ్, లండన్‌లో విలియం గల్ దాదాపు ఒకేసారి ఈ స్థితిని విడి జబ్బుగా గుర్తించారు. గల్ పెట్టిన అనొరెక్సియా నెర్వోసా అన్న పేరే నిలిచింది. ఇద్దరూ దీన్ని మనసుకు సంబంధించిన వ్యవహారంగానే చూశారు.

1914లో జర్మన్ వైద్యుడు మోరిస్ సిమ్మండ్స్ శుష్కించి చనిపోయిన ఒక స్త్రీ శవాన్ని కోసి చూస్తే పిట్యూటరీ గ్రంథి కుంచించుకుపోయి కనిపించింది. అంతే, చిక్కిపోయిన ప్రతి అమ్మాయికీ గ్రంథి జబ్బే అన్నారు, గ్రంథి సారాన్ని సూదులుగా పొడిచారు. ఈ పొరపాటు సర్దుకోవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఒక అవయవం దొరికితే చాలు, వైద్యానికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

తర్వాతి అడుగులో మనవాడొకడు ఉన్నాడు. 1940లో అమెరికాలో హెథరింగ్టన్, రాన్సన్ ఎలుకల హైపోథాలమస్‌లో, అంటే మెదడు అడుగున ఉండే చిన్న భాగంలో, మధ్యవైపున దెబ్బతీస్తే అవి విపరీతంగా లావెక్కాయి. లాహోర్‌లో పుట్టిన బాలకృష్ణ ఆనంద్ యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి ఇంకొంచెం పక్కకు జరిగాడు. సన్నటి ఎలక్ట్రోడు దించి, హైపోథాలమస్ పక్కభాగంలో రెండు వైపులా చిటికెడంత చోటు కాల్చాడు. ఎలుకలు తినడం మానేశాయి. మేత ముందే ఉన్నా ముట్టకుండా చచ్చిపోయాయి. ఒక్క వైపే కాలిస్తే అలా జరగలేదు. 1951లో అచ్చయిన ఈ ఫలితంతో ‘ఆకలి కేంద్రం’ అన్న మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆనంద్ ఢిల్లీకి తిరిగొచ్చి ఎయిమ్స్‌లో శరీరధర్మ శాస్త్ర విభాగానికి పునాది వేశాడు. 1962లో ఛీనా, బల్‌దేవ్ సింగ్‌లతో కలిసి, రక్తంలో గ్లూకోజ్ పెరిగితే హైపోథాలమస్ మధ్యవైపున ఉండే తృప్తి కేంద్రం చురుకెక్కుతుందనీ ఆకలి కేంద్రం నెమ్మదిస్తుందనీ విద్యుత్ సంకేతాల ద్వారా చూపించాడు. యోగుల మెదడు తరంగాలను కొలిచినవాడిగా మన పత్రికలు ఆయన్ని తలచుకుంటాయి గానీ, నా దృష్టిలో ఈ పనే పెద్దది.

అయితే ఆ కథ అంత సులువుగా ముగియలేదు. 1954లో టైటెల్‌బామ్, స్టెల్లర్ అలాంటి ఎలుకలకే గొట్టం ద్వారా ఆహారం పోసి బతికించారు. కొన్నాళ్లకు అవి మళ్లీ తమంతట తామే తినసాగాయి. 1971లో స్వీడన్‌లో ఉంగర్‌స్టెట్ హైపోథాలమస్‌ను వదిలేసి, దాని పక్కనుంచి సాగే డోపమైన్ తంతువులను మాత్రం దెబ్బతీశాడు. ఫలితం దాదాపు అదే. బిలాస్‌పూర్ భాషలో చెప్పాలంటే, స్టేషన్ కాలిపోయిందనుకున్న చోట అసలు తెగింది లైను.

అంతకు ముందే మిన్నెసోటాలో ఇంకో పరిశోధన జరిగింది. 1944-45లో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టాడు. వాళ్లు వంటల పుస్తకాలు పోగుచేశారు, కంచాలు నాకారు, గంటల తరబడి తిండి గురించే మాట్లాడారు, దిగాలుపడ్డారు. ఏ మానసిక జబ్బూ లేనివాళ్లకు ఇదంతా ఆకలి తెచ్చిపెట్టింది. మనకు వెంటనే పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. 1952లో ఆయన 58 రోజుల దీక్షకు ఒక కోరిక ఉంది, అది నెరవేరితే విరమణ ఉండేది. అనొరెక్సియాలో విరమణ అన్నదే ఉండదు. అయినా ఒంట్లో ఆకలి చేసే పని ఒకటే. కాబట్టి చిక్కిపోయిన మనిషి మెదడులో మార్పు కనిపించినప్పుడల్లా మొదట అడగాల్సిన ప్రశ్న, అది జబ్బుకు కారణమా, పస్తుల ఫలితమా అన్నది.

స్కానింగ్ వచ్చాక ఈ ప్రశ్న మరీ ముదిరింది. 1970ల చివర్లో సీటీ స్కాన్లు రోగుల మెదడు కుంచించుకుపోయిందనీ, 1990ల్లో టొరంటోలో డెబ్రా కాట్జ్‌మన్ ఎమ్మారైలు అందులో బూడిదరంగు పదార్థం తగ్గిందనీ చూపించాయి. బరువు పెరిగాక కూడా కొంత లోటు మిగిలే ఉందని ఆమె 1997లో రాసింది. చూసింది కొద్దిమందినే. 2022లో ఎనిగ్మా అనే పరిశోధకుల కూటమి వేర్వేరు దేశాల నుంచి 685 మంది రోగుల స్కాన్లనూ, 963 మంది ఆరోగ్యవంతుల స్కాన్లనూ పక్కపక్కన పెట్టింది. మెదడు పైపొర పలచబడటం మిగతా మానసిక రుగ్మతల్లో కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. కాస్త బరువు పుంజుకున్నవాళ్లలో మాత్రం ఆ తేడా తక్కువగా ఉంది. అంటే చాలావరకు తిండి పూడ్చగల నష్టమే అనుకోవచ్చు.

పూర్తిగా కాదు. 2015లో న్యూయార్క్‌లో ఫోర్డే, స్టైన్‌గ్లాస్ బృందం స్కానర్‌లో పడుకోబెట్టి ఏది తింటారని అడిగితే, రోగుల ఎంపికకు అలవాట్లను నడిపే స్ట్రయేటమ్ భాగంతో సంబంధం కనిపించింది. మర్నాడు వాళ్లు నిజంగా ఎంత తిన్నారో దానితోనూ అది పొంతన కుదిరింది. ఉంగర్‌స్టెట్ దెబ్బతీసిన తంతువులు చేరేది ఆ స్ట్రయేటమ్‌కే. డైటింగ్‌తో మొదలైనది అలవాటుగా గట్టిపడి, చివరికి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా సాగుతుందన్న వాదనకు ఇదే ఊతం. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులు చూసినవాళ్లకు మనసుకు సంబంధించినవే కాక, ఒంట్లో చక్కెర, కొవ్వు ఖర్చయ్యే తీరుకు సంబంధించినవీ దొరికాయి.

ఇదంతా ఎక్కువగా లావవుతామన్న భయం ఉన్న రోగుల మీద కట్టిన శాస్త్రం. మన దగ్గర సంగతి కాస్త వేరు. 1989లో మైకేల్ కింగ్, దినేశ్ భుగ్రా ఉత్తర భారత బడిపిల్లలకు తిండి అలవాట్ల ప్రశ్నాపత్రం ఇస్తే, కొన్ని ప్రశ్నలను వాళ్లు ఉపవాసాల మాటగా తీసుకుని జవాబిచ్చారు. లెక్క చూస్తే రోగులెక్కువ, నిజంలో కాదు. 1995లో ఎయిమ్స్ నుంచి ఖండేల్వాల్, శరణ్, సక్సేనా అయిదుగురు యువతుల గురించి రాశారు. తిండి వద్దనడం, వాంతులు, నెలసరి ఆగిపోవడం, బరువు పడిపోవడం అన్నీ ఉన్నాయి. లావున్నామన్న భ్రమ లేదు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి పిల్లల మానసిక వైద్య విభాగం 2007లో వివరించిన 41 మందిలోనూ మనసు కారణంగా వచ్చే వాంతులే ఎక్కువ. లావు భయం లేకుండానే ఈ జబ్బు రావచ్చని హాంకాంగ్‌లో సింగ్ లీ కూడా చెబుతూ వచ్చాడు. 2013లో అమెరికన్ రోగనిర్ణయ పుస్తకం సవరించినప్పుడు నెలసరి ఆగిపోవాలన్న షరతు పోయింది, లావు భయం నోటితో చెప్పకపోయినా ప్రవర్తన చాలన్నారు.

ఇక్కడి రైల్వే కాలనీలో పిల్ల వాంతులు చేసుకుంటే తల్లి ముందు కడుపు డాక్టరు దగ్గరికే తీసుకెళ్తుంది. అది తప్పూ కాదు. పరీక్షలన్నీ బాగున్నా బరువు తగ్గుతూనే ఉంటే అడగాల్సిన మనిషి వేరు. 2022 నుంచి ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పిల్ల మరీ నీరసించి ఉంటే మాత్రం ఫోను కాదు, ఆసుపత్రే. చాలా రోజుల పస్తు తర్వాత ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె ఆగే ప్రమాదముంది, అందుకే మొదటి రోజుల్లో డాక్టర్లు కొలిచి కొలిచి పెడతారు.