రాత కుదరని పిల్లలు: సిక్కోలు, విజయనగరం సీమలో

నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలకు చూపు, వినికిడి, తెలివి సరిగానే ఉంటాయి. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో మాత్రం వయసుకు తగ్గ పట్టు చిక్కదు. చదవడంలో ఇబ్బందిని డిస్‌లెక్సియా అనీ, రాతలో ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అనీ అంటారు. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ వర్ణించిన 14 ఏళ్ల తెలివైన కుర్రాడు పెర్సీ, తన పేరునే అక్షరాలు తారుమారు చేసి రాసేవాడు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి.

పలికినట్టే రాసే తెలుగులో ఈ బాధ ఉండదనుకుంటారు. అది సగమే నిజం. గుణింతంతో అక్షరం రూపు మారుతుంది, ఒత్తు కిందికి దిగుతుంది, బ-భ, ప-ష-వ లాంటివి కంటికి ఒకేలా తోస్తాయి. కన్నడ పిల్లలపై సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో లిపిపై పట్టు నాలుగో తరగతి దాకా కుదురుతూనే ఉంటుందని తేలింది. మన గుణింతాలూ ఒత్తులూ అలాంటివే.

ఉత్తరాంధ్రలో ఇంకో చిక్కుంది. ఇంట్లో 'ఎల్లాడు', 'బాస' అని వినే పిల్ల బడిలో అలాగే రాస్తుంది. అది యాస, వైకల్యం కాదు. యాస వల్ల వచ్చే తప్పు ఎక్కడైనా ఒకేలా వస్తుంది. అదే పిల్ల 'కలప'ను ఒక వరుసలో 'కపల' అనీ, మరో వరుసలో 'కల' అనీ రాస్తూ, నెలలు గడిచినా మారకపోతే అప్పుడు ఆరా తీయాలి. ఇల్లూ బడీ వేర్వేరు భాషలైన సవర గిరిజన పిల్లల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఆ సంగతి ఎప్పుడో పసిగట్టారు. సవర నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు.

తప్పు రాసిన మాటను వందసార్లు రాయించే శిక్ష వల్ల చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. బ, భ ఒకే రోజు చెప్పకూడదు. ఒకటి కుదిరాకే రెండోది. మాటను చప్పట్లు కొడుతూ అక్షరాలుగా విడదీయించి, ఒక్కొక్కటీ పైకి పలుకుతూ రాయించాలి. మాటను పలుకుతూ వేలితో దిద్దించే పద్ధతిని అమెరికాలో గ్రేస్ ఫెర్నాల్డ్ 1943 నాటి పుస్తకంలో వివరించారు. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించడం అంతకు చాలా ముందే ఉంది! 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన నివేదికలో దాన్ని వర్ణించారు. మార్కులు వేసేటప్పుడు విషయానికి వేరు, అక్షరదోషాలకు వేరు వేస్తే పిల్ల రాయడం మానేయదు.

తొలి ఆరాకు మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలున్నాయి. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలన్నాయి. 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించాలన్నాయి. ధ్రువపత్రం ఉంటే రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, రాయడానికి అడ్డంకి ఉందని తేలితే లేఖకుడి సాయం దొరుకుతాయి. దిద్దించడానికి మాత్రం ఏ పత్రమూ అక్కర్లేదు. ఒకటో తరగతిలో అనుమానం వస్తే ఎనిమిదో ఏడు దాకా ఆగకండి.