మపెట్లు: జిమ్ హెన్సన్ తర్వాతి చరిత్ర

మపెట్లు అమెరికన్ బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ (1936–1990) టెలివిజన్ కోసం తీర్చిదిద్దిన బొమ్మల పరివారం. కెర్మిట్ అనే కప్ప, మిస్ పిగ్గీ అనే పంది, ఫాజీ ఎలుగుబంటి, గోంజో, రాల్ఫ్ కుక్క ఇందులో ముఖ్యపాత్రలు. 1990 మే 16న, 53 ఏళ్ల వయసులో, హెన్సన్ న్యూయార్క్‌లో హఠాత్తుగా చనిపోయారు. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా కొద్ది రోజుల్లోనే ఆయన్ను బలితీసుకుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి సినిమానూ, వినిపించిన ప్రతి కొత్త గొంతునూ అభిమానులు ఆయన కాలంతో పోల్చి చూస్తూనే ఉన్నారు.

ఆయన కాలం మీది ఈ బెంగ ఇంత గాఢంగా ఉండటానికి కారణం బొమ్మ తయారీలోనే ఉంది. 1955లో వాషింగ్టన్‌లోని ఒక టీవీ స్టేషన్‌లో ‘శామ్ అండ్ ఫ్రెండ్స్’ మొదలుపెట్టినప్పుడు హెన్సన్ ఇంకా మేరీలాండ్ విశ్వవిద్యాలయం విద్యార్థి. తల్లి తొడిగి వదిలేసిన పాత కోటు గుడ్డ కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు చిప్పలు చేసి కళ్లుగా పెట్టి కెర్మిట్‌ను కుట్టారు. అప్పటికి అది ఫలానా జంతువని లేదు, కప్ప అయ్యింది 1960ల చివర్లోనే. తల లోపల చెక్క లేదు, దూది లేదు. ఉన్నదల్లా ఆడించేవారి చెయ్యి. పిడికిలి కాస్త బిగిస్తే కెర్మిట్ మూతి ముడుచుకుంటుంది, వేళ్లు సడలిస్తే ముఖం వాలిపోతుంది. తోలుబొమ్మలాటలో ఆటగాళ్లు తెరచాటున ఉన్నట్టు, ఇక్కడ టీవీ ఫ్రేమ్ అంచే వాళ్లకు చాటు. దాని కింద చేతులు పైకెత్తి నిలబడి, ఎదురుగా మానిటర్‌లో తమ బొమ్మను తామే చూసుకుంటూ ఆడించేవారు. గొంతూ వాళ్లదే. కెర్మిట్ గొంతు హెన్సన్ మామూలుగా మాట్లాడే గొంతుకు ఎంతో దూరం కాదు. అందుకే ఆయన పోయాక బొమ్మ పెట్టెలో భద్రంగానే ఉన్నా, కెర్మిట్ మాత్రం ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పటికి రెండు తరాల పిల్లలు ఆ గొంతు వింటూ పెరిగారు. 1969లో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ వాళ్లకు అక్షరాలు నేర్పింది. అమెరికన్ నెట్‌వర్కులు వద్దంటే బ్రిటిష్ నిర్మాత లూ గ్రేడ్ పెట్టుబడితో ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీలో తీసిన ‘ద మపెట్ షో’ 1976 నుంచి 1981 దాకా 120 భాగాలు నడిచి, ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టింది.

1990 మే 21న న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ద డివైన్ కెథడ్రల్‌లో సంస్మరణ సభ జరిగింది. తన సభకు ఎవరూ నల్లబట్టలు వేసుకు రావద్దని, జాజ్ బ్యాండు ఉండాలని హెన్సన్ 1986లోనే పిల్లలకు ఉత్తరం రాసి పెట్టారు. వచ్చినవాళ్ల చేతుల్లో సన్నని పుల్లల చివర ఆడే రంగురంగుల సీతాకోకచిలుకలు ఉన్నాయి. సెసమీ స్ట్రీట్‌లో బిగ్ బర్డ్‌ను ఆడించే కెరల్ స్పిన్నీ ఆ వేషంలో ఒక్కరే వేదిక మీదికి నడిచి వచ్చి కెర్మిట్ పాట పాడారు. తర్వాత మపెట్ బృందంలోని రిచర్డ్ హంట్ స్కూటర్ అనే బొమ్మతో ఒంటరిగా పాట అందుకోగా, తోటి బొమ్మలాటగాళ్లు ఒక్కొక్కరే తమ బొమ్మలతో చేరుతూ వచ్చారు. మపెట్ల మీద బెంగకు తొలి రూపం ఆ సభే ఇచ్చింది.

ఆ నవంబరు 21న సీబీఎస్‌లో వచ్చిన ప్రత్యేక కార్యక్రమం ఇంకా సాహసం చేసింది. కెర్మిట్ ఊళ్లో లేడు. హెన్సన్‌కు నివాళిగా ఏదైనా చెయ్యమని మిగతా బొమ్మలకు కబురు పెడతాడు. ఆ హెన్సన్ ఎవరో వాళ్లకు తెలియదు. ఫాజీ కట్టలు కట్టలుగా వచ్చిన అభిమానుల ఉత్తరాలు విప్పుతూ, అన్నీ సంతాపాలేనని, ఆ మనిషి చనిపోయాడని మెల్లగా గ్రహిస్తాడు. ఆడించిన చెయ్యి ఎవరిదో బొమ్మకు తెలియకపోవడం, అది పోయాకే తెలియడం, ఇంతకు మించిన నివాళి టెలివిజన్‌లో అరుదు. చివర్లో కెర్మిట్ తిరిగి వస్తాడు. ఆ రోజు కెర్మిట్‌ను ఆడించింది బృందంలోని స్టీవ్ విట్మైర్. హెన్సన్ ఆడించిన రాల్ఫ్‌ను మాత్రం కొన్నేళ్లపాటు ఎవరి చేతికీ ఇవ్వలేదు. సినిమాల్లో కనిపించినా ఆ కుక్క నోరు మెదపలేదు.

కొడుకు బ్రయన్ హెన్సన్ దర్శకత్వంలో 1992లో ‘ద మపెట్ క్రిస్మస్ కెరల్’ వచ్చింది. ఆ జనవరిలో రిచర్డ్ హంట్ కూడా చనిపోవడంతో సినిమాను ఇద్దరికీ అంకితం చేశారు. చిన్న కొడుకు టైనీ టిమ్ లేని ఇంట్లో కెర్మిట్ కుటుంబం భోజనానికి కూర్చునే సన్నివేశాన్ని ఆ అంకితం మనసులో పెట్టుకుని చూడాలి. హెన్సన్ తర్వాతి మపెట్ చిత్రాల్లో ఉత్తమమైనది ఇదే. విడుదలప్పుడు వసూళ్లు ఓ మోస్తరే. టీవీలో, వీడియో క్యాసెట్లలో చూసిన పిల్లలు పెద్దవాళ్లై దీన్ని ఏటేటా క్రిస్మస్ ఆనవాయితీ చేసుకున్నారు. థియేటర్ ప్రింటు నుంచి తీసేసిన ఒక పాట నెగెటివ్ ఏళ్ల తరబడి కనిపించకుండా పోయి, 2020లో దొరికింది. ఆ పాటతో కూడిన పూర్తి చిత్రం 2022లో డిస్నీ ప్లస్‌కు వచ్చింది.

ఈలోగా మపెట్ల యాజమాన్యం చేతులు మారింది. హెన్సన్ బతికుండగా డిస్నీతో మొదలైన బేరం ఆయన పోయాక 1990 డిసెంబరులో చెడిపోయింది. 2000లో జర్మన్ కంపెనీ ఈఎం టీవీ హెన్సన్ సంస్థను కొంది. 2003లో కుటుంబం దాన్ని తిరిగి కొనుక్కుంది. 2004లో కెర్మిట్, పిగ్గీ తదితరులు డిస్నీకి చేరారు. సెసమీ స్ట్రీట్ పాత్రలు అంతకుముందే సెసమీ వర్క్‌షాప్ పరమయ్యాయి.

2011 నాటి ‘ద మపెట్స్’ ఈ బెంగనే కథగా ఎత్తుకుంది. పాత థియేటరు కూల్చివేతకు సిద్ధంగా ఉంటుంది, ఎక్కడెక్కడో చెల్లాచెదురైన బొమ్మలను వాల్టర్ అనే వీరాభిమాని బొమ్మ కూడగడుతుంది. చిన్నప్పటి నుంచి మపెట్ల మీద ప్రాణం పెట్టుకున్న నటుడు జేసన్ సీగల్ దీని రచనలో పాలుపంచుకున్నారు. సినిమా ఆడింది, ఒక పాటకు ఆస్కార్ వచ్చింది. పిగ్గీని, ఫాజీని ఎన్నో ఏళ్లు ఆడించిన ఫ్రాంక్ ఆజ్‌కు మాత్రం ఆ స్క్రిప్టు నచ్చలేదు, పాత్రలకు గౌరవం దక్కలేదని బహిరంగంగానే అన్నారు. ఆయన మాటలో నిజముంది. బొమ్మల మీద ప్రేమ ఎంతున్నా, వాటి పాత కొంటెతనం అందులో సగమే వచ్చింది. 2015లో ఏబీసీ ఛానల్ వాటిని పెద్దల ఆఫీసు వ్యవహారాల్లోకి దించి, కెర్మిట్‌నూ పిగ్గీనీ విడగొట్టి నడిపిన ధారావాహిక ఒక్క సీజనుతోనే ఆగిపోయింది.

2016లో డిస్నీ విట్మైర్‌ను తొలగించింది, విషయం 2017లో బయటపడింది. ఆయన పని తీరే కారణమని సంస్థ చెప్పింది, హెన్సన్ సంతానం దాన్ని సమర్థించింది. కెర్మిట్‌ను వదులుకోలేనని విట్మైర్ తన పక్షం రాసుకున్నారు. మ్యాట్ వోగెల్ మూడో కెర్మిట్ అయ్యారు. హెన్సన్ గొంతు తప్ప ఇంకేదీ ఒప్పుకోని పెద్ద తరానికి తోడు, విట్మైర్ గొంతు వింటూ పెరిగి ఆయన కోసం కలతపడే మరో తరం కూడా ఉందని అప్పుడే తెలిసింది.

బొమ్మల్లో కొన్ని ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. కోటు గుడ్డతో కుట్టిన తొలి కెర్మిట్ స్మిత్‌సోనియన్‌లో ఉంది. అట్లాంటాలోని సెంటర్ ఫర్ పప్పెట్రీ ఆర్ట్స్‌లో 2015లో, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ ద మూవింగ్ ఇమేజ్‌లో 2017లో హెన్సన్ ప్రదర్శనశాలలు తెరిచారు. 2024లో రాన్ హోవర్డ్ ఆయన జీవితంపై డాక్యుమెంటరీ తీశారు. హెన్సన్ చివరి పనుల్లో ఒకటైన ‘మపెట్ విజన్ 3డీ’ ప్రదర్శన ఆయన మొదటి వర్ధంతి రోజున, 1991 మే 16న, ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో మొదలైంది. అందులో కెర్మిట్‌ది హెన్సన్ గొంతే. 34 ఏళ్లు ఆడాక 2025 జూన్‌లో మరో ఆకర్షణకు చోటివ్వడానికి దాన్ని మూసేశారు. ‘మపెట్ షో’ తొలి బృందంలోని డేవ్ గోల్జ్ మాత్రం గోంజోను ఇప్పటికీ తానే ఆడిస్తున్నారు.