తిమిరి చేప నుంచి కరెంటు పెట్టె దాకా

మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీ చేయించుకుని వచ్చిన ప్రతిసారీ మా అమ్మ చెప్పే మాట ఒకటే: "కరెంటు పెట్టారు." పక్కింటావిడ "తగ్గిందా వదినా?" అని అడిగితే, "పెట్టినంతసేపూ హాయిగానే ఉంటుంది వదినా, ఆ తర్వాత మామూలే" అంటుంది. మోకాలికి రెండు వైపులా అతికించే పట్టీలు, సన్నటి తీగలు, అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె. మీట తిప్పగానే చర్మం కింద చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. దీన్ని వైద్యులు టెన్స్ అంటారు. చర్మం మీది నుంచే నరాలకు కొద్దిపాటి కరెంటు అందించే పద్ధతి ఇది. పెట్టె పుట్టి యాభై ఏళ్లు దాటింది. పద్ధతి వయసు మాత్రం రెండు వేల ఏళ్లకు దగ్గర. మొదట్లో పెట్టె లేదు, తీగ లేదు. ఉన్నది ఒక చేప.

రోమ్‌లో క్లాడియస్ చక్రవర్తి కాలంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు ఉండేవాడు. క్రీ.శ. 47 ప్రాంతంలో ఆయన రాసిన మందుల పుస్తకంలో, ఎంతకూ తగ్గని తలనొప్పికి, తాకితే షాక్ కొట్టే నల్ల టార్పెడో చేపను బతికుండగానే నొప్పి ఉన్నచోట పెట్టమని ఉంది. ఆ చోటు మొద్దుబారగానే చేపను తీసేయాలి. కీళ్లవాతం రోగికి చెప్పిన వైద్యం ఇంకా వివరంగా ఉంటుంది. అలలు తడిపే ఇసుకలో నిలబడి, చేపను పాదం కింద పెట్టుకుని, మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకు అలాగే ఉండాలి. తిబేరియస్ చక్రవర్తి దగ్గర బానిసత్వం నుంచి విముక్తి పొందిన ఆంటెరోస్ ఇలాగే బాగుపడ్డాడని కూడా రాశాడు. ఈ వైద్యం ఉన్న నొప్పిని తీసేస్తుంది, మళ్లీ రానివ్వదు అన్నది స్క్రిబోనియస్ మాట. మొదటి సగం నిజమేనని నా నమ్మకం. రెండో సగం గురించి ఇప్పటికీ వాదన నడుస్తోంది.

ఆ చేప పేరులోనే దాని పని ఉంది. టార్పెడో అన్న లాటిన్ పేరుకు మొద్దుబారడమే మూలం. గ్రీకులు దాన్ని నార్కే అన్నారు, అంటే తిమ్మిరి. మత్తుమందులను నార్కోటిక్స్ అనడం ఆ మాట నుంచి వచ్చిందే. ఇక మన తీరానికి వస్తే, స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి, అక్కడ దొరికిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో పుస్తకం తెచ్చాడు. జాలరులు పిలిచే తెలుగు పేర్లనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో షాక్ కొట్టే చేపల పేర్లు తిమిరి, నల్ల తిమిరి. ఎవరినీ అడగకుండానే మన జాలరులు కూడా ఆ చేపను తిమ్మిరితోనే గుర్తుపెట్టుకున్నారన్నమాట. ఈ మాట తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ తిమ్మిరి విద్యుత్తు వల్లేనని 1772లో ఫ్రాన్స్‌లోని లా రొషెల్ తీరంలో ప్రయోగాలు చేసి చూపినవాడు జాన్ వాల్ష్. మద్రాసు సెయింట్ జార్జి కోటలో పుట్టి, రాబర్ట్ క్లైవ్‌కు కార్యదర్శిగా పనిచేసినవాడు. 1800లో వోల్టా తొలి బ్యాటరీని ప్రకటించినప్పుడు దాన్ని ఈ చేపలో కరెంటు పుట్టించే అవయవంతోనే పోల్చాడు. రాగి, జింకు బిళ్లలు దొంతరగా పేర్చిన ఆ పరికరం ఆయన దృష్టిలో మనిషి చేసిన చేప అవయవమే.

బ్యాటరీ వచ్చాక చేపతో పని లేకపోయింది. పందొమ్మిదో శతాబ్దమంతా కరెంటు బెల్టులు, సర్వరోగ నివారిణి ప్రకటనలు. ఆ అబద్ధాల వల్ల అసలు గుణం మీద కూడా వైద్యులకు నమ్మకం పోయింది.

ఆ నమ్మకం మళ్లీ రావడానికి ఒక ఆలోచన కావలసి వచ్చింది. పిల్లాడు గుమ్మానికి కాలు కొట్టుకుని ఏడిస్తే అమ్మ ఏం చేస్తుంది? అక్కడ రుద్దుతుంది. రుద్దితే ఎందుకు తగ్గాలి? 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన జవాబు ఇది: వెన్నుపాములో నొప్పి కబురుకు ఒక గేటు ఉంటుంది. నొప్పిని మోసుకొచ్చేవి సన్నటి నరాల పోగులు, స్పర్శను మోసుకొచ్చేవి లావుపాటివి. లావు పోగులు హడావుడి చేస్తే గేటు మూసుకుంటుంది, నొప్పి పైకి పోయేది తగ్గుతుంది. ఆ సిద్ధాంతంలోని వివరాలు కొన్ని తర్వాత మారాయి కానీ మూలసూత్రం నిలిచింది.

అలాగైతే లావు పోగులను కరెంటుతో కదిపితే? వాల్, విలియం స్వీట్ అనే మెదడు శస్త్రవైద్యుడు ముందు తమ మీదే ప్రయత్నించుకున్నారు. కంటి కింది ఎముకలోని సన్నటి రంధ్రంలోంచి వచ్చే నరం దగ్గర సూదులు గుచ్చుకుని కరెంటు పంపుకున్నారు. ఆ తర్వాతే రోగుల దగ్గరికి వెళ్లారు. తీవ్రమైన నొప్పితో ఏళ్లుగా బాధపడుతున్న ఎనిమిది మందికి సెకనుకు నూరు సార్లు చొప్పున కరెంటు ఇస్తే, ఇచ్చినంతసేపూ ఆ చోట నొక్కినా నొప్పి పుట్టలేదు. నలుగురికైతే రెండు నిమిషాల కరెంటుకు అరగంటకు పైగా ఉపశమనం. 1967లో ప్రచురించిన ఆ పరిశోధన వ్యాసం శీర్షికలోనే అది తాత్కాలికమని చెప్పారు. వైద్యంలో అంత నిజాయితీ గల శీర్షికలు తక్కువ.

అదే ఏడు నార్మన్ షీలీ అనే అమెరికా వైద్యుడు వెన్నుపాము దగ్గర అమర్చే కరెంటు పరికరాన్ని తెచ్చాడు. ఆపరేషన్‌కు ముందు, రోగికి కరెంటు పడుతుందో లేదో చూడటానికి చర్మం మీద పట్టీలు పెట్టేవారు. కొందరికి ఆ పట్టీలతోనే సరిపోయింది. అలా పరీక్ష కోసం వాడిందే వైద్యమైంది. ఒంటికి తగిలించుకునే చిన్న పెట్టెకు డాన్ మౌరర్ పేరుతో 1974లో అమెరికాలో పేటెంటు వచ్చింది.

ఇంతకీ పనిచేస్తుందా? దీర్ఘకాలిక నొప్పుల మీద జరిగిన అధ్యయనాలను 2019లో కాక్రేన్ సంస్థ బేరీజు వేసి, ఉన్న ఆధారాలతో ఏమీ తేల్చలేమంది. నడుము నొప్పికి ఇవ్వవద్దని ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే చెప్పింది. 2022లో 381 ప్రయోగాలను కలిపి చూసినవాళ్లు మాత్రం, పెట్టినప్పుడూ తీసిన వెంటనేనూ నొప్పి తగ్గుతోందన్నారు. మా అమ్మ పక్కింటావిడకు చెప్పేది కూడా ఇదే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోకూడదు. మెడ ముందు భాగంలో ఎవరూ పెట్టుకోకూడదు.

ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాతో బాధపడుతున్న 301 మంది స్త్రీల మీద అమెరికాలో జరిగి, 2020లో వెలువడిన అధ్యయనం నాకు ముఖ్యమనిపించింది. అందులో టెన్స్ వాడినవాళ్లకు కదిలేటప్పుడు వచ్చే నొప్పి తగ్గింది. మోకాళ్లు అరిగినవాళ్లకు కావలసింది కదలికే. అమ్మ వెళ్లేచోట ఫిజియోథెరపిస్టు కుర్రాడికి ఈ సంగతి తెలుసు. తిమ్మిరెక్కగానే ఆమెను ఊరికే పడుకోనివ్వడు. "కాలు చాపండమ్మా, తొడ బిగించండి, పది లెక్కపెట్టండి" అంటాడు. అమ్మ కళ్లు మూసుకుని పైకే లెక్కపెడుతుంది.