శ్రీకాకుళం కార్డు, మాయాబందర్ రోగి

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అండమాన్ తెలుగువాళ్లలో ఎంతోమందికి శ్రీకాకుళమే సొంతూరు గనక ఆ పథకం కథ మన సంచికలో ఉండాల్సిందే. అంతకుముందు పేదింట్లో గుండె ఆపరేషన్ అంటే ఉన్న భూమి చెక్క అమ్ముకోవడమో, ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడమో. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు ఇస్తామనడం అప్పట్లో చిన్న మాట కాదు.

తొలుత బీమా కంపెనీ చెల్లించేది. తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రెండున్నర లక్షల వరకు కంపెనీ, ఆపైన ట్రస్టు అనే పద్ధతికి ఆమోదం తెలిపింది. ఎవరు చెల్లించినా ఆసుపత్రికి బిల్లు వేళకు అందాలి. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. అప్పుడు దిక్కుతోచక నిలబడేది రిపోర్టుల సంచి పట్టుకుని సహాయ కేంద్రం ముందున్న మనిషే.

ఇక్కడ అండమాన్‌లో మన కష్టం ఇంకో రకం. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు దేశంలో ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఇక్కడి పాలనా యంత్రాంగానికి అనీషి అనే సొంత పథకమూ ఉంది. కానీ మాయాబందర్ ఆర్.పి. ఆసుపత్రిలో కుదరని కేసు జి.బి. పంత్ ఆసుపత్రికి వెళ్లాలి, అంటే దాదాపు 240 కిలోమీటర్లు. బస్సులో వెళ్లే రోగి బారాటాంగ్‌లో ఫెర్రీ ఎక్కి మిడిల్ స్ట్రెయిట్‌లో దిగాలి. జరావా తెగ అడవి దాటడానికి కాన్వాయ్ కదిలేదాకా ఆగాలి. జి.బి. పంత్‌లోనూ కుదరకపోతే ఇక సముద్రం దాటడమే. ఈ దారిలో అయ్యే ఖర్చు, పోయే కూలి ఏ ప్యాకేజీ రేటులోనూ కనిపించవు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు ఎరిగినవాళ్లకు ఈ దూరం బరువు వేరే చెప్పక్కర్లేదు. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, బతికినంత కాలం. దాన్ని ఉచితం అన్నంత మాత్రాన సరిపోదు, ఇంటికి దగ్గర్లో జరగాలి.

2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండిన అందరికీ ఆయుష్మాన్ వర్తిస్తోంది. ఆ వయసువాళ్లు ఒంటరిగా ఓడ ఎక్కలేరు. వెంట వెళ్లే మనిషి టికెట్టు, బస ఖర్చు కూడా ఆ కార్డులో చేర్చమని మన జిల్లా గట్టిగా అడగాలి.