ముఖంలో వెలుగునీడలు, వస్త్రంలో గీత

చైనాలో విద్వాంసుల రూపచిత్రణకు మూలసూత్రాన్ని 4వ శతాబ్దపు గు కైజీతో ముడిపెట్టి చెబుతారు. ఆకారంకన్నా అంతరంగం ముఖ్యమనీ, అది కనుపాపల్లోనే పలుకుతుందనీ ఆయన అభిప్రాయం. వెయ్యేళ్ల తరువాత, యువాన్ వంశపాలనలో, వాంగ్ యి 1363లో యాంగ్ జుషీ రూపాన్ని సిరా గీతలతో చిత్రించగా, చుట్టూ ఉన్న పైన్ చెట్టునూ రాళ్లనూ నీ జాన్ సమకూర్చాడు. మనిషిని ఒకరు, పరిసరాన్ని మరొకరు గీసే ఈ పద్ధతి ఆ తరువాతా కొనసాగింది.

పెద్ద మలుపు మింగ్ వంశపు చివరి దశలో వచ్చింది. ఫూజియాన్‌లో పుట్టి నాన్‌జింగ్‌లో పేరు తెచ్చుకున్న జెంగ్ జింగ్ (1564–1647) పలుచని సిరాతో ముఖంలోని ఎత్తుపల్లాలను ముందుగా తీర్చి, వాటిపై పదులకొద్దీ పూతలు వేసేవాడు. జెసూట్ మతగురువు మత్తేయో రిచ్చి తెచ్చిన మేరీమాత చిత్రాన్నీ, జెంగ్ చిత్రాలనూ 17వ శతాబ్దపు రచయిత జియాంగ్ షావోషు ఒకే ఉపమానంతో, అద్దంలోని ప్రతిబింబాలుగా వర్ణించాడు. రిచ్చి 1599లో నాన్‌జింగ్‌లో ఉన్నాడు గనుక ప్రభావం ఉందనుకోవడం సులువే గాని, ఇద్దరూ కలిసినట్టు రుజువు లేదు; పైగా 1616లో జెంగ్ గీసిన వాంగ్ షిమిన్ రూపచిత్రంలో ముక్కు పక్కలా కనుగుంటల్లోనూ ఛాయ ఉన్నా, వెలుగు ఒక దిక్కునుంచి పడదు, నేలమీద నీడ ఉండదు, అంగీ కొద్దిపాటి గీతలతోనే ముగుస్తుంది. కనుక దీన్ని అనుకరణ అనడంకన్నా, పాత చూపు కొత్త మెలకువను తనకు కావలసినంతవరకే తీసుకోవడం అనడం సబబు.

జెంగ్ మారుపేరు బోచెన్ మీదుగా ఏర్పడిన బోచెన్ శాఖ షియే బిన్ వంటి శిష్యులతో విస్తరించింది. 1715లో బీజింగ్ చేరిన ఇటలీ చిత్రకారుడు కాస్టిల్యోనె సేవ చాలావరకు రాజాస్థానానికే పరిమితం. 19వ శతాబ్దపు షాంఘైలో రెన్ బోనియన్, 1888లో మిత్రుడు వు చాంగ్‌షువోను ఎండకు డస్సిన చిరుద్యోగిగా చిత్రించి, విద్వాంసుడంటే ప్రశాంతమూర్తి అన్న పాత మర్యాదనే కదిలించాడు.

పారిస్‌లో చదివిన షు బెయ్‌హాంగ్ 1940లో శాంతినికేతన్‌లో ఉండగా రవీంద్రుణ్ణి సిరాతో, రంగులతో కాగితంపై చిత్రించాడు. అందులోనూ ముఖానికి ఛాయ, వస్త్రానికి గీత. జియాంగ్ జావోహె ఈ నేర్పును, పోలిక మిగలని ప్రాచీనుల వైపు మళ్లించాడు. 1955 తపాలా బిళ్లలపై వచ్చిన ఝాంగ్ హెంగ్, జు చోంగ్‌జీ మొదలైన శాస్త్రజ్ఞుల బొమ్మలు ఆయనవే. వాటిలో మూలికావైద్య గ్రంథకర్త లీ షీజెన్‌కు, తన మామగారూ వైద్యుడూ అయిన షియావో లోంగ్‌యూ ముఖాన్నే ఆయన నమూనాగా తీసుకున్నాడు.